మొదటి ఫోనులో ఏ యాప్‌లు వేసుకోవాలి? పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరి చేతికి ఈ మధ్యనే మొదటి స్మార్ట్‌ఫోన్ వచ్చింది, మరికొందరికి త్వరలో రాబోతోంది. "ఇందులో ఏ యాప్‌లు వేసుకోమంటారు?" అని అడిగారు. పది పేర్లు రాసి పంపడం తేలికే గాని, అటువంటి జాబితా ఏడాది తిరిగేలోగా పాతబడుతుంది. పైగా మీలో ఒకరికి పిట్టలంటే ఇష్టం, ఒకరికి లెక్కలంటే ఇష్టం, ఇంకొకరికి చదరంగం ఉంటే చాలు. అందరికీ ఒకే జాబితా అతకదు. అందుచేత కొన్ని పేర్లు చెబుతూనే, ఎలా ఎంచుకోవాలో కాస్త విపులంగా రాస్తున్నాను. నా పక్షపాతం ఏమిటో ముందే చెప్పేస్తాను: తన పని పూర్తికాగానే మనల్ని వదిలిపెట్టే యాప్‌లంటే నాకు ఇష్టం, లేవనివ్వకుండా కూర్చోబెట్టే వాటిమీద అనుమానం.

యాప్ స్టోరు తెరవడానికి ముందు, ఫోనులో ఇప్పటికే ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. కెమెరా, అలారం, కాలిక్యులేటర్, మ్యాపులు, నోట్సు రాసుకునే యాప్, చాలా ఫోన్లలో మాటలు రికార్డు చేసే యాప్ ముందే ఉంటాయి. పద్యం అప్పగించేటప్పుడు రికార్డు చేసుకుని విన్నవారికి తాము ఎక్కడ తడబడుతున్నారో ఎవరూ చెప్పనక్కరలేదు. టార్చిలైటు కూడా ఫోనులోనే ఉంటుంది, దానికోసం విడిగా ఏదీ వేసుకోవద్దు. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఫోన్లలో ఆ సదుపాయం లేనందువల్ల టార్చి యాప్‌లకు విపరీతమైన గిరాకీ ఉండేది. వాటిలో కోట్లసార్లు డౌన్‌లోడ్ అయిన ఒక ఉచిత ఆండ్రాయిడ్ యాప్, వాడుతున్నవారు ఎక్కడ ఉన్నారన్న సమాచారాన్ని, వారి ఫోను గుర్తింపు సంఖ్యతో సహా, వారికి తెలియకుండా ప్రకటనల సంస్థలకు పంపుతోందని 2013లో అమెరికాలో వినియోగదారుల హక్కులు కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. వద్దు అని నొక్కే వీలు ఇచ్చినట్టే ఇచ్చి, ఆ జవాబు రాకముందే సమాచారం పంపేసేదట. దీపం వెలిగించడానికి మనం ఏ ఊళ్లో ఉన్నామో దానికెందుకు?

ఏ యాప్ గురించైనా మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న అదే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, యాప్‌లు కెమెరా, మైకు, లొకేషన్ వంటివి వాడదలచినప్పుడు విడివిడిగా మన అనుమతి అడగవలసి వస్తోంది. ఐఫోన్లలోనూ ఇదే పద్ధతి. అడిగిన ప్రతిసారీ, ఈ యాప్ చేసే పనికి ఇది నిజంగా అవసరమా అని ఆలోచించండి. మ్యాపుకు లొకేషన్ కావాలి, బొమ్మలు గీసే యాప్‌కు అక్కరలేదు. ఇవ్వక తప్పనప్పుడు "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నదాన్ని ఎంచుకోండి. కాంటాక్టుల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. ఆ నంబర్లు మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవారివి. వాటిని మూడోవారికి అప్పగించే హక్కు మనకు లేదు. అనుమతి ఇవ్వనందుకు యాప్ మొత్తంగా పనిచేయడం మానేస్తే, దాని ఉద్దేశమేమిటో అదే చెప్పుకున్నట్టు.

ఇక సరదా సంగతికి వస్తాను. ఫోను అంటే స్క్రీన్ ఒక్కటే అనుకుంటాం గాని, దాని లోపల ఒక చిన్న ప్రయోగశాల ఉంది. వేగంలో వచ్చే మార్పును కొలిచే యాక్సిలరోమీటర్, అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే మాగ్నెటోమీటర్, వెలుతురును కొలిచే సెన్సార్ సాధారణంగా ఉంటాయి. కొన్నింటిలో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ కూడా ఉంటుంది. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఈ సెన్సార్లు చూపే అంకెలను నేరుగా మన ముందు పెడుతుంది. దాన్ని తెరిచి, ఫోనును లిఫ్టులో నేలమీద ఉంచి చూడండి. లిఫ్టు పైకి కదలగానే గీత ఒక్కసారి లేస్తుంది, ఆగబోయేటప్పుడు పడుతుంది. మధ్యలో, లిఫ్టు వేగంగా పోతూనే ఉన్నా, గీత దాదాపు కదలదు. వేగానికీ త్వరణానికీ తేడా ఏమిటో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా పట్టుబడనివారికి ఆ ఒక్క గీతతో పట్టుబడుతుంది.

అందులోనే ధ్వనితో పనిచేసే స్టాప్‌వాచ్ ఒకటి ఉంది. ఒక చప్పుడుతో మొదలై మరో చప్పుడుతో ఆగుతుంది. ఇద్దరు స్నేహితులు, రెండు ఫోన్లు, ఒక కొలత టేపు ఉంటే దీనితో ధ్వని వేగం కొలవవచ్చు. ఫోన్లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టి, ఒక్కొక్కరు ఒక్కో ఫోను పక్కన నిలబడండి. మొదటివారు చప్పట్లు కొడితే ముందు వారి ఫోనులో, ఆ ధ్వని ప్రయాణించాక రెండో ఫోనులో గడియారాలు మొదలవుతాయి. కాసేపటికి రెండోవారు చప్పట్లు కొడితే ఈసారి ముందు రెండో ఫోను ఆగుతుంది, తరువాత మొదటిది. రెండు గడియారాలు చూపిన కాలాల్లో ఉన్న తేడా, ధ్వని ఆ దూరాన్ని పోయి రావడానికి పట్టిన సమయం. 10 మీటర్లను ఆ తేడాతో భాగించండి. తేడా సుమారు 0.029 సెకన్లు వస్తే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని వేగమైన సెకనుకు 343 మీటర్లకు మీరు చాలా దగ్గరగా వచ్చినట్టే. చుట్టూ సద్దుమణిగి ఉండాలి సుమా. లేకపోతే తలుపు చప్పుడుకో, పక్కవారి తుమ్ముకో గడియారం ఆగిపోతుంది.

బయట తిరగడం ఇష్టమున్నవారికి కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి విజ్ఞాన ప్రయోగశాల తయారుచేసిన మెర్లిన్ బర్డ్ ఐడీ అనే యాప్‌ను సూచిస్తాను. 2021 నుంచి అది కూతను విని పక్షి పేరు చెప్పడం నేర్చింది. వింటున్నంతసేపూ ఆ కూతను గీతల రూపంలో స్క్రీన్ మీద చూపిస్తుంది కాబట్టి, చెవికి ఒకేలా తోచిన రెండు కూతలకు కంటితో తేడా తెలుస్తుంది. మీ ప్రాంతపు పక్షుల ప్యాక్‌ను ముందే దించుకుంటే ఇంటర్నెట్ లేనిచోట కూడా పనిచేస్తుంది. అది పొరబడవచ్చు కూడా, అందుకని పేరు చూసి తృప్తిపడకుండా పిట్టను వెతికి చూడాలి. మొక్కలకూ పురుగులకూ ఐనేచురలిస్ట్ అనే సంస్థవారి సీక్ యాప్ ఉంది. కెమెరాను ఆకుకేసి పట్టుకుంటే ముందు అది ఏ తరగతికి చెందినదో, తరువాత ఏ కుటుంబమో, స్పష్టంగా కనిపించిన కొద్దీ ఏ జాతో అంచెలంచెలుగా చెబుతుంది. దీనికి అకౌంటు తెరవనక్కరలేదు, చిన్నవారికి సూచించడానికి నాకు ముఖ్యమైన కారణం అదే. నక్షత్రాల కోసం స్కై మ్యాప్ బాగుంటుంది. 2009లో గూగుల్ ఇంజనీర్ల చేతిలో పుట్టిన ఈ ఆండ్రాయిడ్ యాప్ 2012లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని ప్రోగ్రామును ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. దిక్కులు తప్పుగా చూపిస్తే ఫోనును గాలిలో 8 అంకె ఆకారంలో తిప్పితే దిక్సూచి సర్దుకుంటుంది. రాత్రిపూట దాని ఎరుపు రంగు స్క్రీన్‌నే వాడండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తెల్లని వెలుగు ఆ శ్రమనంతా క్షణంలో వృథా చేస్తుంది.

చదువుకు సంబంధించినవి ఎక్కువ అక్కరలేదు. రేఖాగణితం, గ్రాఫులు చేత్తో కదిలించి చూడటానికి జియోజీబ్రా, ఇంటర్నెట్ లేకపోయినా వికీపీడియా చదవడానికి కివిక్స్, గుర్తుపెట్టుకోవలసినవి ఎక్కువగా ఉన్నవారికి ఆంకీడ్రాయిడ్. ఈ చివరిదానిలో ఒక వైపు ప్రశ్న, మరో వైపు జవాబు ఉండే కార్డులు ఉంటాయి; ఒక ప్రశ్నను మీరు మరచిపోబోయే సమయానికి అది మళ్లీ అడుగుతుంది. నేర్చినది ఎలా మరుపున పడుతుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనమీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు; ఇటువంటి యాప్‌ల వెనుక ఉన్న ఆలోచనకు మూలం అక్కడే. కార్డులు మాత్రం మీరే తయారుచేసుకోండి. ఇతరులు చేసినవి దించుకుంటే సగం నేర్పు వారి దగ్గరే ఉండిపోతుంది.

ఆటల దగ్గరికి వచ్చేసరికి డబ్బు గురించి మాట్లాడక తప్పదు. ఉచితం అని రాసి ఉన్న ఆట వెనుక కూడా జీతాలు తీసుకునేవారు ఉంటారు, ఆ జీతాలు ఎక్కడి నుంచో రావాలి. లిచెస్ అనే చదరంగం యాప్ విరాళాలతో నడుస్తుంది. ప్రకటనలు లేవు, కొనవలసినదేదీ లేదు, ఇతరులతో మాటామంతీ కనిపించకుండా చేసే పిల్లల మోడ్ కూడా ఉంది. అటువంటివి అరుదు. ఎక్కువ ఆటలు ప్రకటనలమీద, లేదా ఆట మధ్యలో అమ్మే నాణేలమీద బతుకుతాయి. అసలు డబ్బును రంగురంగుల రత్నాలుగా మార్చేది, ఒక కత్తి ఖరీదెంతో మీరు వెంటనే లెక్కకట్టలేకపోవాలనే. ఒక పరీక్ష చెబుతాను: ఓడిపోయినప్పుడు ఆట మీకు ఏం చూపిస్తోందో గమనించండి. ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తే ఉంచుకోండి. డబ్బు కట్టు, లేదా అరగంట ఆగు అంటే తీసేయండి. లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు మరీ దారుణం. కొన్ని ఆటల్లోని అలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం అధికారులు తేల్చారు.

కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగు పెట్టమని పెద్దవారిని మీరే కోరండి. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక 15 నిమిషాలపాటు మళ్లీ అడగకుండానే కొనుగోళ్లు సాగిపోయే పద్ధతి ఒకప్పుడు ఉండేది. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలు చేసిన ఇటువంటి కొనుగోళ్ల విషయంలో 2014లో ఆపిల్ సంస్థ కనీసం 3.25 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ పిల్లలలో చాలామందికి తాము ఖర్చుపెడుతున్నది నిజమైన డబ్బని తెలిసి ఉండదు. స్టోరులో యాప్ పక్కన కనిపించే వయసు అంకె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: హింస, భయం, జూదం వంటివి ఎంతవరకు ఉన్నాయో అది చెబుతుంది గాని, ఆట మంచిదా, మీకు అర్థమవుతుందా అన్నది చెప్పదు.

నోటిఫికేషన్ల విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను. కొత్త యాప్ అనుమతి అడిగితే మొదట వద్దనండి, నిజంగా అవసరమని తోస్తే తరువాత సెట్టింగుల్లో ఇవ్వవచ్చు. మనుషులు పంపే సందేశానికి ఫోను మోగాలి. "ఈ రోజు మీరు రాలేదు, మీ వరుస తెగిపోతుంది" అని ఒక యాప్ బెదిరిస్తే ఎందుకు మోగాలి? భాషలు నేర్పే మంచి యాప్‌లలో కూడా ఈ రోజుల వరుస లెక్కలు ఉంటాయి. అవి నేర్చుకోవడానికి తోడ్పడినంతవరకు సరే, లెక్క నిలబెట్టుకోవడానికి మాత్రమే అతి తేలిక పాఠం మళ్లీ మళ్లీ చేస్తున్నారంటే ఆ లెక్కను పట్టించుకోవడం మానేయండి. ఎంత జరిపినా అంతం రాని పేజీని అజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో రూపొందించాడు. చదివేవారికి సౌకర్యంగా ఉంటుందనే చేశాడు గాని, ఆగడానికి చోటు లేకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని చూసి తరువాత ఆయనే బహిరంగంగా విచారపడ్డాడు. చాలా సామాజిక మాధ్యమాల్లో అకౌంటు తెరవడానికి 13 ఏళ్లు నిండాలన్న నియమం ఉంది. పుట్టిన సంవత్సరం మార్చి రాస్తే, పెద్దవారికి ఉద్దేశించిన ప్రకటనలు, పరిచయాలు మీ ముందుకు వస్తాయి.

స్టోరులో వెతికేటప్పుడు, పైన వచ్చే మొదటి పేరు చాలాసార్లు డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన అని గుర్తుంచుకోండి. 2008లో ఆపిల్ స్టోరు తెరిచిన రోజున 500 యాప్‌లు ఉండేవి, ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి; పేరున్నవాటిని పోలిన నకిలీలకు కొదవ లేదు. తయారుచేసినవారి పేరు, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారన్నది చూసి, అయిదు నక్షత్రాల పొగడ్తలకన్నా రెండు, మూడు నక్షత్రాలిచ్చినవారి మాటలు చదవండి. లోపాలను ఓపికగా వివరించేది వారే.

నెలకొకసారి ఫోనులోని వాడకపు లెక్క తెరవండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే పేర్లతో ఉంటుంది. ఆ నెలలో ఒక్కసారీ తెరవనివాటిని, తెరిచాక విసుగే మిగిల్చినవాటిని తీసేయండి. అయితే స్క్రీన్ మీది బొమ్మను తీసేసినంత మాత్రాన అంతా అయిపోదు. నెలనెలా డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షన్ ఉంటే అది అలాగే సాగుతుంది, దాన్ని స్టోరులోని మీ అకౌంటు పేజీకి వెళ్లి విడిగా ఆపాలి. మీరు తెరిచిన అకౌంటు, అందులో ఇచ్చిన పేరు, ఫొటోలు కూడా ఆ సంస్థ దగ్గరే ఉండిపోతాయి కాబట్టి, యాప్‌ను తొలగించడానికి ముందే దాని సెట్టింగుల్లోకి వెళ్లి అకౌంటును మూసివేయండి.

ఇట్లు,
మీ తాతయ్య