రైలు దిగాక అడిగే ప్రశ్న

"ఎందరు పిల్లలు కావాలనుకున్నారని సర్వేలో అడిగితే ఆడవాళ్లు నిజం చెబుతారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. అబద్ధాలతో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా ప్రశ్న ఎప్పుడు వేశారన్న దానితోనే.

రైలు దిగిన ప్రయాణికుణ్ణి ఆపి, "ఎక్కడికని బయలుదేరావు?" అని అడగండి. ఇక్కడికే అంటాడు. నిద్రపట్టి రెండు స్టేషన్లు దాటి వచ్చినా సరే, దిగిన ఊళ్లో ఏదో పని గుర్తుచేసుకుని మరీ ఇక్కడికే అంటాడు. ఇద్దరు చాలనుకున్న తల్లి నాలుగో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆమె జవాబూ అంతే: నలుగురు. ఒళ్లోని బిడ్డను అక్కర్లేదనడానికి నోరెలా వస్తుంది? 1984లో మొదలై అనేక దేశాల్లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేలకు (డీహెచ్‌ఎస్) ఈ సంగతి తెలుసు. అందుకే, పిల్లలు పుట్టని రోజులకు తిరిగి వెళ్లి, జీవితం మొత్తానికి ఎందరు కావాలో కచ్చితంగా ఎంచుకోగలిగితే ఎందరిని ఎంచుకునేవారని అడుగుతాయి. ప్రయాణికుణ్ణి మళ్లీ ఎక్కిన స్టేషనుకు పంపి అడగడమన్నమాట. వెళ్లమన్నంత మాత్రాన మనసు వెళ్తుందా?

1990లో జనాభా శాస్త్రవేత్త జాన్ బొంగార్ట్స్ ఈ పద్ధతిని తిరగేశాడు. గతం ఊసు వద్దు, "ఇకపై మరో బిడ్డ కావాలా?" అన్నది చాలన్నాడు. నాకు ఎంతో ఇష్టమైన ఎత్తు ఇది. కావాలన్నవారు ఇంకా గమ్యం చేరలేదు, కాబట్టి వారికి ఇంతవరకు పుట్టినవారంతా కోరుకున్న బిడ్డలే. చాలన్నవారి దగ్గరే మెలిక. కోరుకున్న ఆఖరి బిడ్డ పుట్టగానే తల్లి చాలంటుంది. సరైన స్టేషన్లో దిగినవాడూ, దాటిపోయి దిగినవాడూ ఒకే జవాబిస్తారు. అందుచేత కావాలన్నవారి కాన్పులతో వయసువారీ రేట్లు కట్టి, వాటిని కూడి, లెక్కలోంచి జారిపోయిన ఆ ఆఖరి కాన్పుకు విడిగా సవరణ కలపాలి. కోరుకున్న సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున కోరుకున్న కాన్పులెన్నో చెప్పే అంకె, అలా వస్తుంది.

గర్భనిరోధకం విషయంలో "తీరని అవసరం" అనే ప్రసిద్ధ సూచిక కూడా ఇలాంటిదే. అవసరం ఉందని ఏ మహిళా నోటితో చెప్పదు. గర్భం వచ్చే అవకాశం ఉండి, ఇక పిల్లలు వద్దని గానీ కనీసం రెండేళ్లు ఆగాలని గానీ అంటూ, గర్భనిరోధకం వాడకపోతే కంప్యూటరే ఆమెను ఆ ఖాతాలో వేస్తుంది.

"దేవుడు ఎందరినిస్తే అందరు" అనే జవాబు కూడా వస్తుంది. దాన్ని సంఖ్య కాని జవాబుగా నమోదు చేస్తారు. పిల్లల్ని లెక్కపెడితే కీడనే నమ్మకం కొన్ని సమాజాల్లో ఉంది. మూఢనమ్మకాలంటే నాకు ఒళ్లుమంట, అయినా ఇక్కడ నవ్వను. సంతానానికి ఒక సంఖ్య ఉంటుందన్న ఊహే మనిషి తలలోకి ఒక కాలంలో వచ్చి చేరిందని జనాభా శాస్త్రవేత్త ఎతియెన్ వాన్ డి వాల్ 1992లో వాదించాడు. ఆ ఊహే లేనివారికి మన ప్రశ్నే అర్థం కాదు.

ఇక ప్రయాణం మధ్యలో టికెట్ మార్చుకునేవారు. ఆఫ్రికా దేశమైన మలావీలోని బలాకాలో 2009 నుంచి యువతులను నాలుగు నెలలకొకసారి కలిసి ఇవే ప్రశ్నలు అడిగారు. ఒకే మనిషి చెప్పే సంఖ్య తరచూ మారింది. ఉత్త తడబాటు కాదది. కొత్త బంధం, కాన్పు, ఆరోగ్యం, డబ్బు పరిస్థితి మారినప్పుడల్లా దాంతోపాటు సంఖ్యా కదిలింది. మామూలు సర్వే ఆ యువతిని ఒక్కసారే కలుస్తుంది, ఆ రోజు ఆమె చెప్పిన అంకెనే రాసుకుని వెళ్లిపోతుంది.