పిస్టన్ మీద మసి చెప్పే లెక్క

ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పికప్ లేదని బండి తీసుకెళ్తే మెకానిక్ ముందు ప్లగ్గు విప్పేవాడు. తుడవకుండానే వెలుతురుకేసి పట్టుకుని ఒక్క చూపు చూసేవాడు. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని లెక్క. బిస్కెట్ రంగులో ఉంటే మారుమాట లేకుండా మళ్లీ బిగించేసేవాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తే మాత్రం, ఇలాగే తోలితే ఇంజన్ పట్టేస్తుందని హెచ్చరించేవాడు.

అమెరికాలో రాకీ పర్వతాల మీద ఇంజన్‌లోకి గాలి కుక్కే టర్బో బిగించిన స్నోమొబైళ్లను ట్యూన్ చేసేవాళ్ల దగ్గర ల్యాప్‌టాప్ ఉంటుంది, అరడజను సెన్సర్లుంటాయి. అయినా సాయంత్రమయ్యేసరికి వాళ్లు కూడా ప్లగ్గులు విప్పి చూస్తారు. పాత అలవాటు పోక చేస్తున్నారనుకోకండి. ఆ సెన్సర్లలో ఏ ఒక్కటీ పూర్తి నిజం చెప్పదు మరి.

స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీలు, వెనక తిరిగే రబ్బరు ట్రాకు ఉన్న మంచు బండి. గుల్‌మార్గ్ వెళ్లినవాళ్లలో చాలామంది ఎక్కే ఉంటారు. జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ 1959లో కెనడాలోని క్యూబెక్‌లో స్కీ-డూ పేరుతో అమ్మిన బండి నుంచే ఈ సరదా ఊపందుకుంది. కొండల కోసం చేసే రకం వేరు. ట్రాకు పొడవు 4 మీటర్లు దాటుతుంది, దాని మీద మూడంగుళాల రబ్బరు పళ్లుంటాయి. మోంటానాలోని కుక్ సిటీ, వయోమింగ్‌లోని టోగోటీ కనుమ, కెనడాలోని రెవెల్‌స్టోక్ లాంటి చోట్ల నడుము లోతు పొడి మంచులో నిట్టనిలువు వాలు ఎక్కడానికి తీస్తారు. దారిలో శక్తి చాలకపోతే బండి ఉన్నచోటే కూరుకుపోతుంది. ఆ తర్వాత మిగిలేది పార పని.

శక్తి ఎందుకు చాలదో చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలికి బరువేమిటి అనిపిస్తుంది కానీ, లీటరు పెట్రోలుకి దాదాపు 11 కిలోల గాలి పడుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది నిండా ఉన్న గాలి మూడు లీటర్ల పెట్రోలుకి సరిపోతుంది, అంతే. అది సముద్ర మట్టంలో. 3,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి 30 శాతం పడిపోతుంది. అదే గదిలో గాలి బరువు నాలుగో వంతు తగ్గుతుంది. ఇంజన్ పీల్చేది అంతే పరిమాణం, కానీ అందులో సరుకు తక్కువ.

పాత రోజుల్లో గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలిసేది కాదు. గాలి పల్చబడినంతగా అది పెట్రోలు తగ్గించదు. లెక్క వేస్తే 3,000 మీటర్ల దగ్గర గాలి, పెట్రోలు కలిసిన మిక్చర్ 16 శాతం దాకా చిక్కబడుతుంది, అంటే అందులో పెట్రోలు పాలు పెరుగుతుంది. పాత బుల్లెట్ మీద లద్దాఖ్ వెళ్లొచ్చినవాళ్లు కనుమల దగ్గర బండి నల్ల పొగ వదిలి మొరాయించిందని చెప్పేది దీని గురించే. స్నోమొబైల్ వాళ్లు అప్పట్లో చిన్న డబ్బాలో రకరకాల సైజుల ఇత్తడి జెట్లు (పెట్రోలు ఎంత పోవాలో తేల్చే సన్నటి కన్నాల ముక్కలు) పెట్టుకుని తిరిగేవారు. కొండపైన, కొంకర్లు పోయే వేళ్లతో, కార్బొరేటర్ విప్పి జెట్టు మార్చడం ఎంత సుఖంగా ఉంటుందో ఊహించుకోండి.

కార్బొరేటర్ పెట్రోలు తగ్గించుకోలేకపోతే, గాలినే పెంచితే? ఆ పని చేసేది టర్బో. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద అవతల ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఎత్తులో ఇది పనికొస్తుందని గట్టిగా రుజువైంది మాత్రం ఈ రాకీ పర్వతాల్లోనే. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు విమానానికి వాడే లిబర్టీ ఇంజన్‌ని కొలరాడోలోని పైక్స్ పీక్ మీదికి, అంటే 4,300 మీటర్ల ఎత్తుకి లారీ మీద ఎక్కించి పరీక్షించాడు. టర్బో పెట్టాక అది కిందున్నప్పటి శక్తినే పైన కూడా ఇచ్చింది. స్నోమొబైల్ కంపెనీలు తామే టర్బో బిగించిన టూ స్ట్రోక్ (ఆర్ఎక్స్ 100 రకం ఇంజన్) బండి అమ్మడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 2020 మోడల్ స్కీ-డూ సమ్మిట్ 850 టర్బో అందులో మొదటిది. 165 హార్స్‌పవర్, 8,000 అడుగుల దాకా తగ్గదని కంపెనీ మాట. అంతకుముందే బయటి షాపుల్లో టర్బో కిట్లు బిగించుకునేవాళ్లు చాలామంది ఉండేవారు. ట్యూనింగ్ తిప్పలు ఎక్కువగా వాళ్లవే.

మొదటి తిప్ప టర్బో కుక్కే ఒత్తిడిని చూపే బూస్టు మీటరు దగ్గర మొదలవుతుంది. పంక్చర్ షాపులో టైరుకి 30 కొట్టమంటాం కదా, ఆ 30 బయటి గాలి ఒత్తిడి మీద అదనం. బూస్టు మీటరూ అంతే. సముద్ర మట్టంలో బయటి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, దాని మీద 7 అంటే ఇంజన్‌కి అందేది 21.7. పదివేల అడుగుల దగ్గర బయట ఉన్నదే 10.1, కాబట్టి అదే 7 చూపిస్తున్నా అందేది 17.1. మీటరు ముల్లు కదల్లేదు, గాలి మాత్రం ఐదో వంతు తగ్గింది. కింద కుదిరిన పెట్రోలు పైన ఎక్కువవుతుంది. పైన కుదిర్చింది కింద చాలక ఇంజన్‌ని కాల్చేస్తుంది. అందుకే ఇప్పటి కంట్రోలర్లు అదనపు ఒత్తిడిని పట్టించుకోకుండా మొత్తం ఒత్తిడినీ, లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రతనూ కొలిచి, వాటి నుంచి గాలి బరువు లెక్కగడతాయి.

ఉష్ణోగ్రత సంగతి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పొద్దున మైనస్ 25 డిగ్రీల్లో బయల్దేరి, మధ్యాహ్నం ఎండకి సున్నా దగ్గరికి వచ్చారనుకోండి. గాలి సాంద్రత 10 శాతం మారిపోయినట్టే. పైగా గాలిని కుక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కింది భాగం చేతికి తగిలినట్టు. మైనస్ 15 డిగ్రీల గాలిని 3,000 మీటర్ల ఒత్తిడి నుంచి సముద్ర మట్టం ఒత్తిడికి తెస్తే, మామూలు టర్బోలో అది 30 డిగ్రీల దాకా వేడెక్కి బయటికొస్తుంది. మంచుకొండ మీద ఉన్నా ఇంజన్ పీల్చేది ఫిబ్రవరి మధ్యాహ్నపు విజయవాడ గాలి!

ఇక అసలు నిష్పత్తి, అంటే గ్రాము పెట్రోలుకి ఎన్ని గ్రాముల గాలి అన్నది. 14.7 అనేది పుస్తకంలో ఉండే అంకె. టర్బో మీద పూర్తి త్రాటిల్ ఇచ్చినప్పుడు ఎవరూ దాని దరిదాపుల్లో ఉండరు, 12కో అంతకన్నా కిందికో వస్తారు. అంటే కాలగలిగినదానికన్నా ఎక్కువ పెట్రోలు పోస్తారు. అది వృథా అనిపిస్తుంది. ఎండాకాలం వాకిట్లో నీళ్లు చల్లితే ఆవిరవుతూ నేలని చల్లబరిచినట్టే, అదనపు పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్‌లోని వేడి లాక్కుంటుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ పేలుడే, పిస్టన్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. దానికి ఈ తడి చాలా అవసరం.

ఎంత తేడాతో పని చెడుతుందో ఉజ్జాయింపుగా చూద్దాం. 850 సీసీ ఇంజన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే రెండు సిలిండర్లలో కలిపి సెకనుకు 266 పేలుళ్లు. ఒక్కోదానికి పడే పెట్రోలు 40 మిల్లీగ్రాములకి అటూ ఇటూగా, దాదాపు ఒక చుక్క. 12 ఉండాల్సిన నిష్పత్తి 13 అయిందంటే ఆ చుక్కలో 3 మిల్లీగ్రాములు తగ్గాయన్నమాట. ఆ తేడాని సెకనుకు 266 సార్లు పట్టుకోవాలి.

కార్లలో ఇది లాంబ్డా సెన్సర్ పని. 1970ల నుంచీ ఉన్నదే. సైలెన్సర్ దారిలో కూర్చుని పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తుంది. మిగిలితే పెట్రోలు చాల్లేదని అర్థం. ఫోర్ స్ట్రోక్‌లో ఈ తర్కం చక్కగా నడుస్తుంది, ఎందుకంటే లోపలికొచ్చే దారీ బయటికి పోయే దారీ ఒకేసారి తెరుచుకుని ఉండేది చాలా తక్కువ సేపు. టూ స్ట్రోక్ అలా కాదు. పిస్టన్ కిందికి దిగగానే రెండు దారులూ తెరిచే ఉంటాయి. కొత్త గాలి ఒకవైపు నుంచి వచ్చి పాత పొగని బయటికి నెట్టాలి. నెట్టేటప్పుడు కొత్త గాలిలో కొంత తానూ బయటికి జారిపోతుంది. పెళ్లి బంతిలో లేచేవాళ్లతో పాటు ఇంకా తినని వాళ్లు నలుగురు బయటికొచ్చేసినట్టు. గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కబెట్టేవాడికి లోపల ఎంతమంది తిన్నారో ఏం తెలుస్తుంది?

నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే ఇంజన్లలో అలా జారిపోయేది ఉత్త గాలే. మంట ముఖం చూడని ఆ ఆక్సిజన్‌ని సెన్సర్ లెక్కబెట్టి, మిక్చర్ పల్చగా ఉందని చెబుతుంది. లోపల నిజానికి చిక్కగానే ఉండొచ్చు. పోనీ ఎంత తప్పు చెబుతుందో కనిపెట్టి తీసేద్దామా అంటే, ఆ తప్పూ నిలకడగా ఉండదు. వేగం మారితే, టర్బో చక్రం పొగకి అడ్డుపడే తీరు మారితే, జారిపోయే గాలీ మారుతుంది. పైగా టూటీ ఆయిల్ మసి పట్టి ఆ సెన్సర్ త్వరగా పాడవుతుంది. అయినా పెట్టుకుంటారు. అంకెని నమ్మరు, నిన్నటికీ ఇవాళ్టికీ ఎటు జరిగిందో మాత్రం చూస్తారు.

పొగ ఉష్ణోగ్రత చూపే మీటరు రెండో సాక్షి. టూ స్ట్రోక్‌లో 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మామూలు. వేడి పెరుగుతుంటే మిక్చర్ పల్చబడుతోందని అనుకుంటాం, చాలావరకు నిజమే. చిక్కు ఎక్కడంటే, డిటోనేషన్ మొదలైతే, అంటే మిక్చర్ క్రమంగా కాలకుండా ఓ మూల ఒక్కసారిగా పేలితే, ఆ వేడి పొగతో బయటికి పోకుండా పిస్టన్‌కీ హెడ్‌కీ అంటుకుంటుంది. మీటరులో అంకె తగ్గుతుంది. చూసినవాడు హమ్మయ్య అనుకునే సమయానికి లోపల అల్యూమినియం మెత్తబడుతూ ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా భయంకరంగా అనిపించేది ఇదే.

డిటోనేషన్‌ని శబ్దంతో పట్టే నాక్ సెన్సర్లున్నాయి, ఇంత సైజు సిలిండర్‌లో ఆ పేలుడు సెకనుకు ఆరేడు వేల కంపనాలతో మోగుతుంది. హెల్మెట్ పెట్టుకుని 8,000 చుట్ల రొదలో ఉన్నవాడికి చెవితో వినిపించే అవకాశమే లేదు. అన్నట్టు, రాకీల్లో బంకుల్లో 85 ఆక్టేన్ పెట్రోలు అమ్ముతారు (ఆక్టేన్ అంటే డిటోనేషన్‌ని, అంటే నాకింగ్‌ని, పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె). పల్చటి గాలిలో మామూలు ఇంజన్ అంత తేలిగ్గా నాక్ అవదు కాబట్టి అది చెల్లిపోతుంది. కానీ టర్బో చేసేదే కింది గాలిని పైకి తేవడం. దానితో పాటు కింది నాకింగ్ కూడా వచ్చేస్తుంది, 91 తప్పదు. (వాళ్ల 91ని మన ఆక్టేన్ అంకెలతో నేరుగా పోల్చొద్దు, కొలిచే పద్ధతి వేరు. వాళ్లది మన లెక్కలో 95కి పైనే.)

ఇన్ని సాక్ష్యాల తర్వాత ఎవరైనా నమ్మేది పిస్టన్‌నే. సాయంత్రం బండి ట్రైలర్ ఎక్కించాక ప్లగ్గులు విప్పుతారు. ఆ రంధ్రంలోంచి పెన్సిల్ కన్నా సన్నని కెమెరా దించుతారు. పిస్టన్ తల అంతా నల్లటి మసి. కొత్త మిక్చర్ వచ్చే కన్నాల పక్కన, అంచు వెంట మాత్రం చంద్రవంకల్లా శుభ్రమైన లోహం కనిపిస్తుంది. పెట్రోలు తడి రోజంతా కడిగిన చోటు అది. ఆ వంకలు చిటికెన వేలి గోరంత ఉంటే సరే. మరీ పెద్దవైతే పెట్రోలు ఎక్కువ. అసలు లేకుండా అంచు దాకా మసి పొడిగా పట్టేసి ఉంటే పెట్రోలు చాల్లేదు. అంచున ఇసుకతో కొట్టినట్టు సన్నటి గుంటలుంటే డిటోనేషన్ జరిగిందనే. అప్పుడు ప్లగ్గు పింగాణీని భూతద్దంతో చూస్తారు. మిరియాల పొడి చల్లినట్టు మెరిసే చుక్కలు దాని మీద ఉంటే అవి పిస్టన్ అల్యూమినియమే, కరిగి చిమ్మి అతుక్కున్నవి.

ఒక సిలిండర్‌లో వంక చక్కగా ఉండి రెండోదానిలో సన్నగా ఉండటం కూడా మామూలే. ఆ రెండో సిలిండర్‌కి, 7,500 చుట్ల పైన మాత్రమే, ల్యాప్‌టాప్‌లో రెండు శాతం పెట్రోలు కలుపుతారు. తర్వాత ఫోను తీసి రేపు పొద్దుటి ఉష్ణోగ్రత చూస్తారు. మైనస్ 28 అని ఉంటే ఇంకో శాతం కలుపుతారు.