బెంగళూరు బోర్లు: బండ కింద సముద్రమేమీ లేదు

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు మన తెలుగువాళ్లుండే అపార్ట్‌మెంట్లలో మార్చి వచ్చిందంటే ఒకటే మాట: "సార్, బోరు ఆగిపోయింది. ఇంకో మూడొందల అడుగులు దించుదామా?" భూగర్భ జలాల సర్వే నా వృత్తి. నేను వద్దన్నప్పుడల్లా అసోసియేషన్ మీటింగులో కొందరి ముఖాలు చిన్నబోతాయి. ఎందుకు వద్దంటానో వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు.

వాస్తవం: బెంగళూరు కింద ఉన్నది ఎక్కువగా నైస్ (gneiss) అనే చారల శిల. లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి ఫొటోలు దిగే బండ అదే. వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. గట్టి రాయిలో నీటికి చోటే ఉండదు. నీళ్లుండేది రాయి శిథిలమై మెత్తబడిన పై పొరలో, దాని కింది పగుళ్లలో.

ఎక్కడైనా బేస్‌మెంట్ తవ్వుతుంటే ఆ గుంత గోడను ఒకసారి చూడండి. పైన ఎర్రమట్టి. దాని కింద అచ్చం రాయిలాగే చారలతో కనిపిస్తూ, చేత్తో నలిపితే పొడైపోయే పొర. ఇంకా కింద, తుప్పు రంగు పట్టిన పగుళ్లతో బండలు. ఆ తర్వాత గట్టి రాయి. ఆ తుప్పు రంగే నీళ్లు నడిచిన జాడ.

ఈ పగుళ్లు ఎలా పుడతాయో హైదరాబాద్ దగ్గర మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి గ్రానైట్ మీద పరిశోధించారు. రాయిలోని నల్ల అభ్రకం నీరు తగిలి మారుతూ ఉబ్బుతుంది, దాంతో రాయి అడ్డంగా చీలుతుంది. అంటే ఎక్కువ పగుళ్లు శిథిలం కావడం వల్లే పుట్టాయి. అందుకే అక్కడ సుమారు 40 మీటర్లు, అంటే 130 అడుగులు దాటాక నీరిచ్చే పగుళ్లు బాగా తగ్గిపోయాయి. బెంగళూరులో ఈ పగుళ్ల పొర మందం చోటును బట్టి మారుతుంది. పెద్ద చీలిక ఉన్నచోట ఆరేడొందల అడుగుల్లో నీళ్లు పడిన బోర్లూ ఉన్నాయి. కానీ లోతు పెరిగేకొద్దీ పగుళ్లు తక్కువ, ఉన్నవీ సన్నం. పగులు వెడల్పు సగమైతే అందులో పారే నీరు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఇక నిల్వ. ఎకరం స్థలం కింద నీటితో నిండిన శిథిల పొర 10 మీటర్ల మందాన ఉందనుకోండి. అది తన ఘనపరిమాణంలో మూడు శాతం నీరిచ్చినా దాదాపు 12 లక్షల లీటర్లు, అంటే 12 వేల లీటర్ల టాంకర్లు వంద. అదే మందం ఉన్న పగుళ్ల రాయి ఇచ్చేది 0.3 శాతం, పది టాంకర్లు. పై పొర ట్యాంకు, పగుళ్లు పైపులు. ట్యాంకు ఖాళీ అయ్యాక పైపు పొడుగు పెంచితే ఏం వస్తుంది? 2024 వేసవిలో నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో ఏడు వేల దాకా ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది.

అపోహ: వేసిన రోజే మూడు ఇంచుల నీళ్లు పడ్డాయి, ఇక ఢోకా లేదు.

వాస్తవం: ఆ రోజు కంప్రెసర్ గాలి పైకి తోసేది పగుళ్లలో అప్పటికే నిలిచి ఉన్న నీటిని. ఆ పగుళ్లకు పై పొర నుంచి ఎంత వేగంగా నీరు చేరుతుందో పంపు పరీక్షలోనే తెలుస్తుంది. కనీసం ఒక రోజంతా పంపు నడిపి నీటిమట్టం ఎంత దిగిందో, ఆపాక ఎంతసేపటికి పైకొచ్చిందో రాసుకోండి. మోటారు సైజు దాన్ని బట్టి కొనాలి. బోరు వేసేటప్పుడు కూడా రిగ్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. బూడిద రంగు దుమ్ము మారి తుప్పు రంగు ముక్కలు ఏ లోతులో వచ్చాయో రాసుకుంటే తర్వాత ఎంతో పనికొస్తుంది.

అపోహ: అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే కింద జల ఉన్నట్టే.

వాస్తవం: కాదు. శిథిల పొర మందంగా ఉంటే ఎక్కడ వేసినా ఎంతో కొంత పడుతుంది, పేరు కొబ్బరికాయకు పోతుంది. అలాగని నేలలోకి కరెంటు పంపి చేసే మా రెసిస్టివిటీ సర్వే కూడా అన్నీ చెప్పదు. శిథిల పొర మందం బాగానే తెలుస్తుంది, ఐదొందల అడుగుల్లో ఉన్న సన్నటి పగులు తెలియదు. లోతు, ఇంచులు రెండూ గ్యారంటీగా రాసిచ్చే సర్వేయర్‌ను నమ్మకండి.

అపోహ: లోతు బోరు నీళ్లు స్వచ్ఛం.

వాస్తవం: రాయిని ఎక్కువ కాలం అంటుకుని ఉన్న నీటిలో ఫ్లోరైడ్, కొన్నిచోట్ల యురేనియం కరుగుతాయి. పక్కనే ఉన్న కోలార్, చిక్కబళ్లాపుర జిల్లాల్లో ఈ సమస్య ఉంది. పై పొర నీటికి మురుగు వల్ల నైట్రేట్ బెడద. తాగే నీటిలో లీటరుకు ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45, యురేనియం 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలు టెస్టులో యురేనియం చూడరు, అడిగి చేయించాలి. మరిగిస్తే ఇవేవీ పోవు.

అపోహ: ఎండిన బోరులోకి డాబా పైపు దించితే వాన నీళ్లు ఇంకిపోతాయి.

వాస్తవం: ఆ నీటితో వచ్చే మట్టి, ఆకుల చెత్త పగుళ్లను పూడ్చేస్తాయి. ఒకసారి పూడితే బాగుచేయడం చాలా కష్టం. వడకట్టిన నీటిని ఇంకుడు బావి ద్వారా శిథిల పొరలోకి పంపాలి, అదీ మురుగు గుంతకు దూరంగా. బెంగళూరులో ఏడాదికి 970 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. 30×40 సైటు మీద పడేదే సుమారు లక్ష లీటర్లు. ఇక్కడ బావులు తవ్వే మన్ను వడ్డర్లకు ఏ నేల ఎలా తాగుతుందో చేతితో తెలుసు. వాళ్లలో చాలామంది తెలుగే మాట్లాడతారు, పిలిచి అడగండి.

నాకు అన్నింటికంటే బాధ కలిగించేది బేస్‌మెంట్. రెండు మూడు అంతస్తులు కిందికి తవ్వి, అక్కడ ఊరే నీటిని రాత్రీ పగలూ కాలువలోకి తోడేస్తారు. అది పై పొర నీరే. అదే ఆవరణలో పన్నెండొందల అడుగుల బోరు వేస్తారు. మీ అపార్ట్‌మెంట్‌కు కొత్త బోరు కొటేషన్ వస్తే ముందు బేస్‌మెంట్ పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తోందో వాచ్‌మన్‌ను అడగండి. ఆ నీటిని టెస్టు చేయించి టాయిలెట్ ఫ్లష్‌కు, మొక్కలకు మళ్లించడానికి విడిగా ఒక ట్యాంకు, కొంత పైపు లైను సరిపోతాయి.