సూది గుచ్చకుండా జంతువు బాధను కొలవడం వెనుక కథ

జంతువు ఎంత ఒత్తిడిలో ఉందో తెలుసుకోవాలని దాన్ని ఒడిసిపట్టి, కదలకుండా అదిమి రక్తం తీస్తే, ఆ పట్టుకోవడంతో పుట్టిన బెదురు కూడా ఫలితంలో చేరిపోతుంది. ఒత్తిడి వేళ ఒంట్లో ఊరే కార్టిసాల్ హార్మోన్ రక్తంలో నిమిషాల్లోనే పెరగడం మొదలవుతుంది కనుక మూడు నిమిషాలలోపు నమూనా తీయాలన్న ఆనవాయితీ ఏర్పడింది. కోరలున్న జంతువు దగ్గర అది ఎంతవరకు సాగుతుందో చెప్పనక్కరలేదు. జీవశాస్త్ర అధ్యాపకులు కొందరు సిరంజి పక్కనపెట్టి పేడ సేకరణకు దిగడానికి మూలం ఈ చిక్కే.

సంక్షేమాన్ని కొలవాలన్న ఆలోచన మొదట పశుపోషణ నుంచి వచ్చింది. 1964లో రూత్ హారిసన్ ఇరుకు బోనుల పెంపకాన్ని ఎండగడుతూ రాసిన పుస్తకం బ్రిటన్‌లో కలకలం రేపగా, ప్రభుత్వం నియమించిన బ్రాంబెల్ కమిటీ 1965లో, జంతువుకు కనీసం లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి వీలుండాలని చెప్పింది. 1979 నాటికి ఇవే ఆకలి, నొప్పి, భయం వంటి వాటి నుంచి విముక్తిని కోరే ‘ఐదు స్వేచ్ఛలు’గా రూపుదిద్దుకున్నాయి. అయితే మేత, చోటు చూసి లెక్కవేసినంత తేలికగా భయాన్ని లెక్కవేయలేము.

ఆ లోటును పేడ కొంత పూడ్చింది. కార్టిసాల్ కాలేయంలో విడిపోయి, దాని అవశేషాలు పేగుల ద్వారా బయటికి వస్తాయి. గొర్రెలో సుమారు 12 గంటలకు, గుర్రంలో 24 గంటలకు, పందిలో 48 గంటలకు. అంటే ఈ రోజు దొరికిన పేడ నిన్నటి కలవరాన్ని చెబుతుంది. తాజాగా ఏరి, బాగా కలిపి, వెంటనే గడ్డకట్టించకపోతే మాత్రం బాక్టీరియా ఆ అవశేషాలను మార్చేస్తూనే ఉంటుంది.

ముఖాన్ని చదివే పద్ధతి తరువాత వచ్చింది. 2010లో ఎలుకల నొప్పి కొలమానం వెలువడింది: బిగిసిన కళ్లు, ఉబ్బిన ముక్కు, బుగ్గలు, చెవుల తీరు, మీసాల తీరు చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. కార్టిసాల్ జతకట్టే వేళ కూడా పెరుగుతుంది కాబట్టి, హార్మోన్ ఒక్కదాన్నే నమ్మడం కంటే ఇలా ప్రవర్తనతో సరిపోల్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. పేడ పరీక్ష ఫలానా జాతికి పనిచేస్తుందని రుజువు చేయడానికి తరచుగా, కార్టిసాల్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించే హార్మోన్‌ను ఆ జంతువుకు సూదితోనే ఎక్కించి, పేడలో అవశేషాలు పెరిగాయో లేదో చూస్తారు. అరుదైన జంతువుల విషయంలో అదీ కుదరదు కనుక, వేరే అవసరం కొద్దీ వాటిని ఒక చోటి నుంచి మరో చోటికి తరలించే రోజు కోసం ఎదురుచూసి, అంతకు ముందూ తరువాతా పడిన పేడను పోల్చుకుంటారు.