బుద్ధిజీవుల లెక్కలో హైదరాబాద్ వంతు

విశ్వంలో మనలాంటి బుద్ధిజీవులు ఇంకెక్కడైనా ఉన్నారా అన్న ప్రశ్న చాలా పాతదే అయినా, దానికి లెక్కల రూపం వచ్చింది 1961లో. అంతకు ముందు ఏడాదే అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో రేడియో టెలిస్కోపును రెండు నక్షత్రాల వైపు తిప్పి సంకేతాల కోసం ఆలకించిన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్, ఆ ప్రశ్నను ఏడు అంశాలుగా విడదీశాడు. ఏటా ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయి, ఎన్నింటికి గ్రహాలున్నాయి, వాటిలో జీవానికి అనువైనవెన్ని, నిజంగా జీవం పుట్టినవెన్ని, తెలివి వికసించినవెన్ని, సంకేతాలు పంపగలిగేవెన్ని, ఆ నాగరికతలు ఎంతకాలం నిలుస్తాయి అన్నవే ఆ ఏడు.

నక్షత్రాలను ఓపికగా నమోదు చేసే పని హైదరాబాద్‌కు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశమంతటినీ ఫొటో పలకలకెక్కించే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుని, తన వంతుకు వచ్చిన భాగంలో 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఇక గ్రహాల సంగతి 1995 నుంచి తేలుతూ వచ్చింది. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహం ఆ ఏడాది దొరికింది. ఇప్పుడు సూర్యుడి చుట్టూ కాక ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే పరాయి గ్రహాల సంఖ్య 5 వేలు దాటింది.

అసలు చిక్కు జీవం దగ్గరే. ఇక్కడ మన నగరం చేసిన ప్రయత్నం ఇంకా ఎక్కువమందికి తెలియాలి. టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లో నడిపే బెలూన్ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్ 20న, పై వాతావరణంలో సూక్ష్మజీవులున్నాయేమో వెతికేందుకు ఒక భారీ బెలూన్ ఎగిరింది. ఇస్రో చేపట్టిన ఆ ప్రయోగానికి ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ నాయకత్వం వహించారు. సూక్ష్మజీవులేవీ లేకుండా శుద్ధి చేసిన ఉక్కు గొట్టాలను ద్రవ నియాన్‌తో చల్లబరిచి పైకి పంపారు. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో కవాటాలు తెరుచుకోగానే బయటి గాలి లోపలికి దూరి అక్కడే గడ్డకట్టింది. పారాచూట్‌తో దిగిన ఆ గొట్టాలను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణెలోని మరో ప్రయోగశాలలోనూ విడివిడిగా పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల కాలనీలు పెరిగాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా జాతులు అంతవరకు ఎవరూ ఎరగనివి. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయ్ల్ పేరు పెట్టారు. దగ్గరి బంధు జాతులతో పోలిస్తే ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి.

అవి అంతరిక్షం నుంచి వచ్చాయని మాత్రం రుజువు కాలేదు. 2009లో ఫలితాలు వెల్లడించినప్పుడు శాస్త్రవేత్తలే ఆ మాట స్పష్టంగా చెప్పారు. ఈ ప్రయోగాన్ని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ వాక్యాన్ని వదిలేయడం వారికి అన్యాయం చేయడమే.

తెలివి విషయానికొస్తే, మన చేతిలో ఉన్న ఉదాహరణ భూమి ఒక్కటే. దాని వయసు సుమారు 450 కోట్ల ఏళ్లు. సూక్ష్మజీవులు కనీసం 350 కోట్ల ఏళ్ల కిందటే ఉన్నాయి. రేడియో సంకేతాలు పంపడం మనిషికి చేతనై నూట పాతికేళ్లు దాటిందంతే. ఈ తేడా చూశాక సూక్ష్మజీవుల మీద నాకున్న ఆశ సంకేతాల మీద లేదు. రెండు నాగరికతలు ఉంటే చాలదు, ఒకరి సంకేతం చేరే వేళకు రెండోవారు వినగలిగే స్థితిలో ఉండాలి.