కువైట్ అర్జీలు రాస్తే ఇంటర్న్‌షిప్ కిందికి రాదా? కడప గొడవ వెనక కథ

మళ్ళీ మొదలైంది. కడపలో ఓ డిగ్రీ కాలేజీ పొలిటికల్ సైన్స్ పిల్లలు నలుగురు ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అని ఏడు రోడ్ల దగ్గర ఓ నెట్ సెంటర్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. కువైట్‌లో చిక్కుకున్న వాళ్ళ ఇంటివాళ్ళు వస్తే అర్జీలు రాసిపెట్టారు. ఆ రిపోర్టు చెల్లదని డిపార్ట్‌మెంట్ వెనక్కి పంపింది. పోయినేడు వాళ్ళ సీనియర్లకూ ఇదే జరిగింది గానీ అప్పుడు గుట్టుగా సర్దేశారు. ఈసారి ఎవరో రిపోర్టు అట్ట ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడంతో ఊరంతా తీర్పులు చెబుతోంది. పొద్దున ఫోన్ చేసి సాయంత్రానికల్లా నేపథ్యం రాసియ్యమన్నారు, అందుకే ఇలా గబగబా.

కడప వాళ్ళు కువైట్‌కు ఎందుకు పోతారు, ఎప్పటి నుంచి పోతున్నారు అన్నది ఇక్కడ రాయను. రాయచోటి బస్సెక్కి పక్క సీటాయన్ని అడిగితే నాకంటే బాగా చెబుతాడు.

కాలేజీ వైపు చెప్పే చరిత్ర 2020-21 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది మన రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ మార్చి, మూడేళ్ళ చదువులో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత ఇంకో రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టర్ మొత్తం. బీకాం పిల్లలు ఆడిటర్ దగ్గరికి పోయారు, బీఎస్సీ వాళ్ళు ల్యాబులకు పోయారు. అంతర్జాతీయ సంబంధాలు చదివే బీఏ పిల్లాడు ఎక్కడికి పోవాలి? విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌లు దేశం మొత్తానికి కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. దాంతో డబ్బు కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం అలవాటైంది, డిపార్ట్‌మెంటూ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇప్పుడు నిబంధన అంటున్నది ఆ డిపార్ట్‌మెంటే.

ఇదంతా నిజమే. అయితే అసలు మలుపు 2020 కాదు, 2015 అని నేననుకుంటాను.

ఆ ఏడాది ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ తెచ్చింది. విదేశంలో జీతం ఎగ్గొట్టినా, మనిషి కనపడకపోయినా, చనిపోయినవాళ్ళ బాడీ తెప్పించుకోవాలన్నా ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టి, దాని నంబరు పట్టుకుని అడగొచ్చు. అంతకు ముందు ఏజెంటు కాళ్ళు పట్టుకోవడమో, నాయకుడి ఇంటి ముందు పడిగాపులు కాయడమో చేసేవాళ్ళు. అదే 2015 జూన్‌లో కువైట్ పార్లమెంటు ఇంటి పనివాళ్ళ కోసం విడిగా 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్క కట్టివ్వాలి. మరుసటేడు కనీస జీతం 60 దినార్లని ఖాయం చేశారు. ఆ దేశంలో ఇవన్నీ అమలవుతున్నాయని నేననను. ఖద్దామా వీసా, అంటే ఇంటి పని వీసా మీద పోయిన ఏ అక్కనడిగినా నవ్వుతుంది. కానీ అంతకు ముందు అర్జీలో "అయ్యా మా అమ్మను కొడుతున్నారు, కాపాడండి" అని మాత్రమే రాయగలిగేవాళ్ళం. ఆ తర్వాత ఫలానా తేదీ నుంచి ఇన్ని నెలల జీతం రాలేదు, సెలవు ఇవ్వలేదు, పాస్‌పోర్టు సేట్ (యజమాని) దగ్గరే ఉంది, ఇది మీ చట్టానికే విరుద్ధం అని రాయడానికి వీలు దొరికింది.

ఆ రాయడం ఎవరి వల్ల అవుతుంది? మదద్ ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. పాస్‌పోర్టు నంబరు, అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) నంబరు, కఫీల్ (స్పాన్సర్) పేరు, ఫోను, ఇంటి బ్లాకు నంబరు తప్పుల్లేకుండా ఇవ్వాలి. ఇంట్లో అమ్మమ్మకు తెలిసింది "కువైట్‌లో బాబా వాళ్ళ ఇల్లు" అన్నంత వరకే, బాబా అంటే ఇంటి యజమాని. దాంతో ఆ పని నెట్ సెంటర్ అన్న మీదా, వీధిలో డిగ్రీ చదివే పిల్ల మీదా పడింది. రాయచోటి, చిట్వేలి, రాజంపేట వైపు 2015 తర్వాత ప్రతి వీధికీ ఇలాంటి పిల్ల ఒకరు తయారయ్యారు. ఎవరూ నేర్పలేదు. వాయిస్ మెసేజీలు పదిసార్లు విని తేదీలు ఏరుకోవడం, ఏడుస్తున్న మనిషి దగ్గర విషయం రాబట్టడం, దొరికిన అరబ్బీ కాగితాన్ని ఫోన్ అనువాదంలో పెట్టి అందులో అబద్ధమేదో పట్టుకోవడం, అన్నీ సొంతంగా నేర్చుకున్నారు.

విదేశీ వ్యవహారాల విద్యార్థులకు నేర్పాల్సిన పనులని పెద్ద యూనివర్సిటీలు చెప్పేవి ఇవే కదా, కేసు నోట్ రాయడం, ఒప్పందాన్ని క్లాజు వారీగా చదవడం, అవతలి మనిషితో బేరమాడటం. ఇక్కడేమో ఆ పనులు వీధిలో సాగుతుంటే, క్లాసులో దౌత్య సంబంధాలు అని నోట్సు చెప్పించారు. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ పరీక్షకు తప్పకుండా వస్తుంది, పది మార్కులు. పరాయి దేశంలో పట్టుబడిన మనిషి కోరితే ఆ సంగతి ఆలస్యం చేయకుండా వాళ్ళ కాన్సులేటుకు చెప్పాలని దాని సారాంశం. ఈ నలుగురిలో ఒకమ్మాయి ఆ ప్రశ్నకు బాగా రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. కువైట్‌లో వాళ్ళ పిన్ని మీద సేట్, పని వదిలి పారిపోయిందని పరారీ కేసు పెడితే పోలీసులు పట్టుకెళ్ళారు. అప్పుడు ఈ అమ్మాయికి మొదట గుర్తొచ్చింది ఏజెంటు నంబరేనంట! ఎంబసీకి మెయిల్ పెట్టాలని తోచేసరికి రెండు రోజులు గడిచాయి. బల్ల వేయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

వాళ్ళ రిపోర్టు నేను చదివాను, చేతిరాతతో కలిపి తొంభై పేజీల పైనే ఉంది. ఒక కేసు చెబుతాను. 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు కువైట్ 20వ నంబరు వీసా వాళ్ళకు, అంటే ఇంటి పని వాళ్ళకు, 18వ నంబరు కంపెనీ వీసాకు మారే అవకాశం ఇచ్చింది. సేట్ ఒప్పుకోవాలి, ఫీజు 50 దినార్లు. ఇక్కడ మాత్రం మధ్యవర్తులు లక్షల్లో బేరం పెట్టారు. లక్కిరెడ్డిపల్లె నుంచి ఒకాయన అప్పట్లో తమ్ముడి కోసం వడ్డీకి తెచ్చి కట్టేశాడు, గడువు దాటిపోయింది, వీసా మారలేదు. ఆ డబ్బు వెనక్కి రాబట్టడానికి ఈ పిల్లలు రాసిన మూడు పేజీల లెటర్లో కువైట్ నిర్ణయం తేదీ, అసలు ఫీజు, మధ్యవర్తికి ఫోన్‌పే చేసిన తేదీలు వరుసగా ఉన్నాయి. ఆ లెటర్ చూపించాక మధ్యవర్తి సగం డబ్బు తిరిగిచ్చాడని రిపోర్టులో రాశారు. మిగతా సగం ఏమైందో రాయలేదు. నేనడిగితే "ఇంకా తిప్పుకుంటున్నాడన్నా" అన్నారు.

డిపార్ట్‌మెంట్ వాదన కూడా చెప్పాలి. నెట్ సెంటర్ రిజిస్టర్ అయిన సంస్థ కాదు, అక్కడ మెంటర్ లేడు, లాగ్‌బుక్ మీద సీలు లేదు. ఇది జిరాక్స్ షాపు పని, అంతర్జాతీయ సంబంధాలు ఎట్లా అవుతాయని ఒక సీనియర్ లెక్చరర్ మీటింగ్‌లో అన్నారు. ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం కొట్టిపారేయలేం. ఎవరెవరివో పాస్‌పోర్టు కాపీలు ఈ పిల్లల ఫోన్లలో ఉన్నాయి, రేపు ఏదన్నా అటూ ఇటూ అయితే కాలేజీ మెడకు చుట్టుకుంటుంది. పిల్లలు ఫొటోలు డిలీట్ చేశామంటున్నారు. సరే.

పోయినేడు ఇదే డిపార్ట్‌మెంట్ మోడల్ యునైటెడ్ నేషన్స్ పెట్టింది, అంటే పిల్లలు దేశాల ప్రతినిధుల్లా కూర్చుని చర్చించే ఐక్యరాజ్యసమితి నమూనా సభ. ఎంట్రీ ఫీజు, బ్లేజర్, ముందు ప్లకార్డు. తీర్మానం రాయడం, మద్దతు కూడగట్టడం నిజంగా నేర్చుకోవాల్సినవే, నేనేమీ ఎగతాళి చేయను. ఆ మూడు రోజులకు క్రెడిట్లు ఇచ్చారు, లాగ్‌బుక్ ఎవరూ అడగలేదు.

పక్కన అనంతపురంలో ఇంకో దారి నడిచింది. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పల్లెల నుంచి వచ్చిన గ్రాడ్యుయేట్లకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే స్కూలు పెట్టారు. ఆ భాషలతో ఉద్యోగాల్లో చేరినవాళ్ళున్నారు. పెనుకొండ దగ్గర కియా వచ్చాక కొరియన్‌కూ గిరాకీ పెరిగింది. కడప నుంచి ఇన్ని వేల మంది అరబ్బీ ఇళ్ళలో బతుకుతున్నారు, ఈ నలుగురు చదివిన మూడేళ్ళలో మాత్రం వాళ్ళ కాలేజీ అరబ్బీ ముక్క నేర్పలేదు. ఊళ్ళో అరబ్బీ వచ్చినవాళ్ళు లేక కాదు, మదర్సాల్లో చదువుకున్నవాళ్ళు ఉన్నారు, ఇరవై ఏళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చి అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులున్నారు. ఆ బల్ల దగ్గర అరబ్బీ కాగితాలు చదివిపెట్టింది అలాంటి ఒక మామే. రిపోర్టులో ఆయనకు కృతజ్ఞతలు కూడా రాశారు. "ఈయన క్వాలిఫికేషన్ ఏంటి?" అని ఆ పేజీ పక్కన ఎర్ర పెన్నుతో రాసి ఉంది.

సోమవారం కమిటీ కూర్చుంటుందట. ఏదన్నా రిజిస్టర్డ్ ట్రస్టు నుంచి పాత తేదీతో ఒక లెటర్ తెచ్చుకోండి, పాస్ చేసేస్తాం అని మధ్యేమార్గం ఒకటి చెప్పారని పిల్లలు అంటున్నారు. డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ అవునని అనలేదు, కాదనీ అనలేదు. నలుగురిలో ముగ్గురు ఆ లెటర్ తెచ్చేసుకుంటే పోతుందనే అంటున్నారు. పిన్ని కేసు అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. నేను ఫోన్ చేసేటప్పటికి ఆ అమ్మాయి బల్ల దగ్గరే ఉంది, కోడూరు నుంచి వచ్చిన ఒకామె దగ్గర అకామా నంబరు రాసుకుంటోంది, తర్వాత చేస్తానని పెట్టేసింది.