తాత ఇచ్చిన ఎకరం: అపోహలు – వాస్తవాలు

"సార్, నాన్న పోయాక నా వాటాకు ఎకరం పది గుంటలు వచ్చింది. ఏం వేస్తే బాగుంటుంది?"

ఉమ్మడి నల్గొండ జిల్లాలో తోటలు, పొలాల మీద సలహాలిస్తూ ఇరవై ఏళ్లు దాటింది. నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్లు అడుగుతారు, అమెరికాలో ఉన్నవాళ్లు అడుగుతారు, ఊళ్లోనే ఉండి కిరాణా కొట్టు నడుపుకునేవాళ్లూ అడుగుతారు. అందరినీ నేను తిరిగి ఒకటే అడుగుతాను: "మే నెలలో మోటారు కాలిపోతే, ఆ రోజే బోరులోంచి పైకి తీయించేది ఎవరు?" ఆ మనిషి పేరు తెలిశాకే పంట గురించి మాట్లాడతాను. చిన్న పొలం విషయంలో చాలామంది పంట దగ్గర మొదలుపెట్టి మనిషి దగ్గర ఆగిపోతారు. ఆలోచన మొదలవ్వాల్సింది మనిషి దగ్గరే.

అపోహ: మంచి పంట ఎంచుకుంటే మిగతావన్నీ సర్దుకుంటాయి.

పంటను ఎంచేది మనం కాదు, నీళ్లు. బోరు ఎంత పోస్తుందని అడిగితే "రెండించులు" అంటారు. ఎప్పుడు చూశారంటే దసరాకి ఊరెళ్లినప్పుడు అంటారు. దసరాకి ఏ బోరైనా పోస్తుంది. మే రెండో వారంలో వెళ్లండి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసిన గంట తర్వాత అది నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఫోన్లో చూసుకోండి. నాలుగు నిమిషాలు పడితే గంటకు 3,000 లీటర్లు. అలా ఆగకుండా ఎన్ని గంటలు పోస్తుందో కూడా చూడండి. కొన్ని బోర్లు గంటన్నర పోసి గాలి కొడతాయి, మళ్లీ నీరు ఊరడానికి అరపూట పడుతుంది. తోట పెట్టాలా వద్దా అన్నది ఆ డ్రమ్ము లెక్కే చెబుతుంది.

ఆయిల్ పామ్ సంగతే చూడండి. ఎకరాకు 57 మొక్కలు. పెరిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు సుమారు 200 లీటర్లు కావాలి. అంటే రోజుకు 11,400 లీటర్లు. గంటకు 3,000 లీటర్లు పోసే బోరైతే రోజూ దాదాపు నాలుగు గంటలు ఆగకుండా నడవాలి, అదీ నీళ్లు అడుగంటే నెలల్లో. కాలువ కింద, నీటి ఊట బాగున్న చోట ఇది మంచి పంటే. పక్క ఊళ్లో ఎవరికో లాభం వచ్చిందని గాలి కొట్టే బోరు కింద పెట్టినవాళ్లు, నాలుగో ఏట గెల రావాల్సిన సమయంలో ట్యాంకర్లు తోలించడం నా కళ్లతో చూశాను. చాలా బాధేసింది.

నీళ్ల తర్వాత మన్ను. పైన చేతికి తీసుకున్న మట్టిని చూసి తోట నిర్ణయించకండి. మూడు అడుగుల గుంత తవ్వించండి. చెల్క (ఎర్ర ఇసుక) నేలల్లో అడుగున్నరకే గట్టి మొరం తగిలితే ఏ చెట్టయినా కొన్నేళ్లకు వేరు ఆడక ఆగిపోతుంది. మా వైపు బత్తాయి అంటే అందరికీ మమకారం, కానీ నీరు నిలిచే నల్లరేగడిలో బత్తాయికి వేరుకుళ్లు తప్పదు. భూసార పరీక్షకు మట్టి తీసేటప్పుడు ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, అన్నీ కలిపి అరకిలో పంపాలి. ఎరువుల కుప్ప పోసిన చోట, గట్టు పక్కన, చెట్టు నీడలో తీయకూడదు. తోటకైతే ఆ గుంతలోనే ఒక్కో అడుగు లోతు మట్టిని విడివిడిగా తీసి పంపండి.

అపోహ: పాసుబుక్కు వచ్చింది, ఇక పొలం మాదే.

పాసుబుక్కులో ఎకరం పది గుంటలు ఉండి, కొలిస్తే ఎకరం నాలుగే తేలిన పొలాలు నాకు తెలుసు. ఆరు గుంటలంటే 726 గజాలు. గెట్టు ప్రతి దుక్కికీ కాస్త కాస్త జరిగి, తండ్రి ముసలితనంలో ఎవరూ పట్టించుకోక, ఆ నేల పోతుంది. తెలంగాణలో భూమి రికార్డులకు 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. భూభారతి చట్టంలో రికార్డుకు సర్వే పటం జతచేసే ఏర్పాటు ఉంది. అయినా ఫౌతి (చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చడం) చేయించుకున్న వెంటనే సర్వేయర్‌తో కొలిపించి, పక్క రైతులను పిలిచి, వాళ్ల ముందే హద్దురాళ్లు పాతించుకోవడం మన పనే. కొలిపించకుండా కంచె వేయకండి. కంచె వేశాక వచ్చే గెట్టు పంచాయితీ రెండు తరాలు నడుస్తుంది.

ఇందులోనే ఇంకో మాట చెప్పాలి. "అక్కచెల్లెళ్లు సంతకం పెట్టేస్తార్లే" అని అన్నదమ్ములు తేలిగ్గా అంటుంటారు. హిందూ కుటుంబాల సంగతి చూస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ ఇచ్చింది. తండ్రి 2005 కంటే ముందే చనిపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. సొంతంగా సంపాదించిన భూమిని తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. చెల్లెలి వాటా తేలని భూమిలో పాతికేళ్ల తోట నాటితే, ఆ తోటంతా ఒక కోర్టు నోటీసు కోసం ఎదురుచూస్తున్నట్టే. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆమె కూడా ఆ గట్ల మీద ఆడుకున్న పిల్లే కదా. ముందు ఆమెను అడగండి.

అపోహ: శ్రీగంధం నాటి వదిలేస్తే పదిహేనేళ్లకు కోట్లు.

వదిలేస్తే ఏమీ రాదు. శ్రీగంధం సగం పరాన్నజీవి. పక్క చెట్టు వేర్ల నుంచి నీళ్లు, పోషకాలు లాక్కుని బతుకుతుంది. మొదట్లో కంది లాంటి తోడు పంట, ఆ తర్వాత సరుగుడు లాంటి తోడు చెట్టు పక్కన లేకపోతే గిడసబారిపోతుంది. విలువంతా లోపలి చేవకే, అంటే కాండం నడిమి గట్టి కలపకే. చేవ ఎంత కట్టిందో పైనుంచి కనిపించదు. చేవ కట్టే వయసు వచ్చేసరికి దొంగల భయం మొదలవుతుంది. ఊళ్లో ఎవరూ లేని ఎకరం పొలంలో పదేళ్ల శ్రీగంధానికి రాత్రిళ్లు కాపలా ఎవరుంటారు? కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మొక్కలు అమ్మేవాళ్లు చూపించే కాగితంలో మొక్కల సంఖ్యను ధరతో గుణించి ఉంటుంది. చచ్చిపోయే మొక్కలు, కాపలా ఖర్చు అందులో ఉండవు.

ఊళ్లో నమ్మకమైన మనిషి ఉండి, నీళ్లు తక్కువైతే నేను మామిడి లేదా సీతాఫలం వైపు చూడమంటాను. మొదటి మూడేళ్లు ఎండల్లో నీళ్లు పెట్టి బతికించుకుంటే, ఆ తర్వాత కాస్త ఓర్చుకుంటాయి. చెట్ల మధ్య మొదటి ఏళ్లలో పెసర, అలసంద వేసుకోవచ్చు.

అపోహ: సమానంగా చీల్చుకుంటే గొడవలుండవు.

చదరంగా ఉన్న ఎకరం అంటే ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు. నలుగురు వారసులుంటే, అందరికీ బాట తగలాలని నిలువుగా చీలుస్తారు. ఒక్కొక్కరికి 52 అడుగుల వెడల్పు పట్టీ వస్తుంది. అందులో మామిడి పెడితే రెండే వరుసలు, ఆ రెండు వరుసల నీడా వేర్లూ పక్కవాళ్ల పట్టీలోకి వెళ్తాయి. ట్రాక్టర్ తిరగడానికి చోటుండదు, గెట్లకే నేల పోతుంది, బోరు ఒకరి పట్టీలో ఉండిపోతుంది. పొలం చిన్నదయ్యేకొద్దీ చీల్చడం వల్ల నష్టం ఎక్కువ. అందుకే కాగితం మీద పంచుకుని, నేల మీద కలిపి ఉంచండని చెబుతాను. హక్కులు ఎవరివి వాళ్లకు, సాగు ఒకరి చేతిలో, పంట పైసలు వాటాల ప్రకారం. బోరు, బాట, కరెంటు మీటరు గురించి పంపకం పత్రంలోనే రాసుకోండి. అవి నోటిమాట మీద ఉంటే పిల్లల కాలానికి నిలవవు.

అపోహ: ఏడాది బీడు పెడితే ప్రభుత్వం తీసేసుకుంటుంది.

పట్టా భూమిని బీడు పెట్టినంత మాత్రాన ఎవరూ తీసుకోరు. అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చినది) అయితే షరతులు వేరు, పట్టా కాగితం చదువుకోవాలి. బీడుకు అసలు శత్రువు సర్కారు తుమ్మ. మూడేళ్లు వదిలితే జేసీబీ పెట్టాల్సిందే.

నా సలహా ఏమిటంటే మొదటి ఏడాది తొందరపడకండి. తొలకరికి ఎకరాకు 15 నుంచి 20 కిలోల జనుము చల్లి, పూతకు వచ్చాక కలియదున్నండి. భూమికి బలం వస్తుంది, కలుపు అణుగుతుంది, మీకు ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. ఆ వానాకాలంలో ఒక్కసారైనా వాన కురుస్తుండగా గొడుగేసుకుని పొలంలో నిలబడండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎక్కడ గట్టు తెంపి పోతున్నాయి చూడండి. ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. ఆ నీళ్లు పోయే దారిలో కందకం తవ్వడం కొత్త బోరు కంటే చాలా చవక.

అపోహ: తాతల భూమి అమ్మడం తప్పు.

తప్పు కాదు. చూసుకునే మనిషి లేక, నీళ్లు లేక, అప్పు నెత్తిన ఉన్నప్పుడు అమ్మడం కూడా ఒక నిర్ణయమే. అయితే తండ్రి పోయిన ఏడాదిలోపు, టెన్షన్‌లో ఉన్నప్పుడు అమ్మకండి. ఆ దుఃఖం తెలిసినవాళ్లే తక్కువ ధరకు అడుగుతారు. విదేశాల్లో ఉన్న ప్రవాసులు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, కానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. అసైన్డ్ భూమి తెలంగాణలో వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి పనికిరాదు. ఎవరైనా కొంటామన్నా నమ్మకండి.

అపోహ: కౌలుకిస్తే పొలం కౌలుదారుదైపోతుంది.

ఈ భయం వెనుక చరిత్ర ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, అప్పటికే ఏళ్ల తరబడి సాగు చేస్తున్నవాళ్లను రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. ఆ కేసులు ఇప్పటికీ కొన్ని నడుస్తున్నాయి, అందుకే మా వైపు పెద్దవాళ్లకు కౌలు కాగితమంటే గుండె దడ. కానీ నిన్నమొన్న కౌలుకు తీసుకున్నవాళ్లకు ఆ హోదా రాదు. మన అనుమతితో సాగు చేస్తున్నవాళ్లు, పన్నెండేళ్లు దున్నాం కాబట్టి మాదే అనడానికీ కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకు సాగుదారు కార్డు ఇస్తారు. దానితో కౌలు రైతుకు పంట రుణం, బీమా అందుతాయి, యజమాని హక్కుకు ఏమీ కాదు. భయపడి సంతకం పెట్టకపోతే ఆ రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు.

తెలంగాణలో ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలోకే వస్తుంది. ఆ డబ్బు మీరు తీసుకుంటున్నప్పుడు కౌలు కాస్త తగ్గించండి. ఇది నేను ప్రతి ఒక్కరినీ బతిమాలి చెప్పే మాట. ఎండకు ఎండి, వానకు తడిసేది ఆయనే.

పైగా మీ పొలం గురించి ఇప్పుడు అందరికంటే ఎక్కువ తెలిసింది ఆ కౌలు రైతుకే. నిరుడు ఒక అన్నాచెల్లెలు పొలం చూపించడానికి నన్ను తీసుకెళ్లారు. మట్టి పరీక్ష కాగితం, పటం అన్నీ ఉన్నాయి. వాళ్ల నాన్న దగ్గర తొమ్మిదేళ్లు కౌలు చేసిన రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు, ఎవరూ ఆయన్ను అడగలేదు. "పెద్దాయనా, ఇందులో ఏ మూల పండదు?" అన్నాను. లేచి, ఈశాన్యం మూల పది గుంటలు చూపించాడు. చౌడు. వాన వెలిశాక తెల్లగా పొంగుతుందట. వాళ్ల మట్టి నమూనా ఆ మూలలో తీయనే లేదు. ఆ పది గుంటల్లో చౌడును తట్టుకునే పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లించాం. మిగిలిన ఎకరం ఆయనకే మరో రెండేళ్లకు రాసిచ్చారు.